ఫ్రెంచి గోలుకాపరుల తరఫున ఒక వకాల్తా

ఫ్రెంచి ఫుట్‌బాల్ ప్రస్తావన వస్తే చాలు, అందరూ ఒకే జాబితా ఏకరువు పెడతారు. కోపా, ప్లాటినీ, జిదాన్, ఎంబాపే. అందరూ బంతిని ముందుకు నడిపించినవాళ్ళే. వల ముందు నిలబడ్డవాడి పేరు అడిగితే మాత్రం ఒక చిరునవ్వు, దాని వెంబడే ఒక వెటకారం. మొన్న ఒక మిత్రుడు, "వాళ్ళకి అన్నీ ఉన్నాయండీ, గోల్‌కీపరొక్కడే లేడు" అని తీర్మానం చేసేశారు. ఆయన ఆట తెలిసినవారు. అందుకే ఆ మాటను విని ఊరుకోబుద్ధి కాలేదు.

(తోటకాపరి, గొర్రెలకాపరి ఉన్న భాషలో గోలుకాపరి ఉంటే తప్పేమిటని ఆ మాట వాడుతున్నాను. నచ్చనివారు మన్నించగలరు.)

నా వాదన సూటిగా చెబుతాను. ఫ్రాన్సు సాధించిన పెద్ద గెలుపులలో కాపరికి న్యాయంగా రావలసిన వాటా ఉంది. దాన్ని మనం ఎగవేస్తున్నాం. ఆ ఎగవేతకు కారణం వాళ్ళ అసమర్థత కాదు, మన లెక్కలు కట్టే పద్ధతి.

ఈ అన్యాయం ప్రపంచకప్పు పుట్టిన రోజునే మొదలైంది. 1930 జులై 13న ఉరుగ్వేలో ఫ్రాన్సు, మెక్సికో తలపడ్డాయి. ప్రపంచకప్పు చరిత్రలో తొలి గోలు కొట్టినవాడు లూసియెన్ లోరాన్ అని క్విజ్ పుస్తకం చదివిన ప్రతి కుర్రవాడూ చెబుతాడు. అదే మ్యాచిలో ఫ్రెంచి కాపరి అలెక్స్ తెపో అరగంటైనా కాకముందే గాయపడి మైదానం వీడాడు. అప్పట్లో బదులు ఆటగాణ్ణి దించే నియమం లేదు. షాంత్రెల్ అనే ఆటగాడు తన స్థానం వదలి వచ్చి వల ముందు నిలబడ్డాడు. పదిమందితో ఆడిన ఫ్రాన్సు 4-1తో గెలిచింది. లోరాన్ చరిత్రకెక్కాడు. గాయపడినవాడూ, ఆ బరువు నెత్తికెత్తుకొన్నవాడూ ఏ క్విజ్ పుస్తకానికీ పనికిరాలేదు.

ఇక జోయెల్ బాత్స్ సంగతి. నా వకాల్తాలో అసలు సాక్షి ఇతడే. 1982లో క్యాన్సరు బారినపడి, కోలుకొని, 1984లో యూరో కప్పు గెలిచిన జట్టుకు కాపరిగా నిలిచినవాడు. ఆనాటి ఫైనల్లో స్పెయిన్ కాపరి అర్కొనాదా ప్లాటినీ ఫ్రీకిక్కును పట్టినట్టే పట్టి చేజార్చుకొన్నాడు. లోకం అతణ్ణి దశాబ్దాలపాటు ఎత్తిపొడిచింది.

రెండేళ్ళ తర్వాత, 1986 జూన్ 21న గ్వాదలహారాలో బ్రెజిల్‌తో క్వార్టర్ ఫైనల్. స్కోరు 1-1. ముందుకు దూసుకువచ్చిన బ్రాంకోను బాత్స్ స్వయంగా పడగొట్టి పెనాల్టీ సమర్పించుకొన్నాడు. కొట్టేవాడు జీకో. బాత్స్ ఆపేశాడు. తాను చేసిన తప్పును నిమిషాల వ్యవధిలో తన చేతులతోనే దిద్దుకొన్నాడు. తర్వాత పెనాల్టీ షూటౌట్‌లో సోక్రటీస్ కొట్టిన తొలి బంతినీ అడ్డుకొన్నాడు. అదే షూటౌట్‌లో సాక్షాత్తు ప్లాటినీ తన పెనాల్టీని గురి తప్పాడన్న సంగతి మీలో ఎందరికి గుర్తుంది? ఫ్రాన్సు 4-3తో గెలిచింది కాబట్టి ప్లాటినీ తప్పు మాఫీ అయిపోయింది. అది మాఫీ కావడానికి కారకుడు బాత్స్.

సరిగ్గా నాలుగు రోజుల తర్వాత అదే మైదానంలో పశ్చిమ జర్మనీతో సెమీఫైనల్. తొమ్మిదో నిమిషంలో బ్రెమె కొట్టిన ఫ్రీకిక్కు బాత్స్ శరీరం కింద నుంచి జారి వలలో పడింది. అర్కొనాదా గతే ఇతనికీ పట్టింది. ఆ తర్వాత ఫ్రాన్సుకు ఇంకా ఎనభై నిమిషాల ఆట మిగిలే ఉంది. ప్లాటినీ ఉన్నాడు, జిరెస్ ఉన్నాడు, టిగానా ఉన్నాడు. ఒక్క గోలు కొట్టలేకపోయారు. చివరి నిమిషంలో ఫోలర్ రెండో గోలు కొట్టాడు. అయినా ఆ ఓటమికి గుర్తుగా మిగిలింది బాత్స్ కింద నుంచి జారిన బంతే. ఎనభై నిమిషాలు గోలు కొట్టలేని మేధావులకు శిక్ష లేదు, ఒక్క క్షణం జారినవాడికి జీవితఖైదు!

ఇప్పుడు బార్తెజ్. మన మిత్రుల ఎకసెక్కాలకు ఇష్టమైన లక్ష్యం. 2001లో ఎఫ్.ఏ. కప్పు మ్యాచిలో ఆఫ్‌సైడ్ అన్న భ్రమ కల్పించబోయి చెయ్యెత్తి నిలబడ్డాడు. దికానియో ఆ భ్రమలో పడకుండా తాపీగా గోలు కొట్టాడు. నవ్వవలసిందే, నేనూ నవ్వాను. కాని నవ్వడం అయ్యాక లెక్క కూడా చూడాలిగదా! 1998 ప్రపంచకప్పులో 7 మ్యాచిలాడి అతడు ఇచ్చిన గోళ్ళు రెండు. అందులో ఒకటి పెనాల్టీ. క్వార్టర్ ఫైనల్లో ఇటలీతో 120 నిమిషాలు గోలు లేదు. లిజరజు పెనాల్టీని ఇటలీ కాపరి ఆపగానే, అల్బెర్తీని పెనాల్టీని బార్తెజ్ ఆపి జట్టును నిలబెట్టాడు. ఆ కప్పు గెలిచిన జట్టులో ప్రధాన స్ట్రైకరు గివార్ష్ టోర్నీ మొత్తంలో ఒక్క గోలూ కొట్టలేదు. గోలు కొట్టని స్ట్రైకరుతో ప్రపంచకప్పు గెలవవచ్చునని ఫ్రాన్సు రుజువు చేసింది. గోలు ఆపలేని కాపరితో గెలిచినవాళ్ళెవరైనా ఉంటే చూపండి.

2006లో శిక్షకుడు దొమెనెక్ లియోన్ కాపరి కూపేను కాదని బార్తెజ్‌నే ఎంచుకొన్నాడు. కూపే అభిమానులకు కోపం వచ్చింది, నాకూ వచ్చింది. ఐదేళ్ళు వరుసగా లీగు గెలిచిన జట్టు కాపరి అతడు. అందులోనూ బార్తెజ్ ఫైనల్ షూటౌట్‌లో ఇటలీ కొట్టిన ఐదింటిలో ఒక్కటీ ఆపలేకపోయాడు. ఒప్పుకొంటున్నాను. కాని అక్కడిదాకా వచ్చిన 7 మ్యాచిలలో, షూటౌట్ మినహా, ఫ్రాన్సు ఇచ్చిన గోళ్ళు మూడే. మూడు ప్రపంచకప్పులు, 17 మ్యాచిలు, అందులో 10 మ్యాచిలలో గోలు ఇవ్వలేదు. ఇది ఇంగ్లండు కాపరి షిల్టన్ సాధించినదానికి సమానం. షిల్టన్‌ను మహానుభావుడంటారు. బార్తెజ్‌ను విదూషకుడంటారు!

లోరిస్ కథ కూడా ఇదే మూసలో సాగింది. 2018 క్వార్టర్ ఫైనల్లో ఉరుగ్వే ఆటగాడు కాసెరెస్ తలతో కొట్టిన బంతిని ఒంటిచేత్తో మళ్ళించి 1-0 ఆధిక్యాన్ని కాపాడాడు. ఫైనల్లో 4-1 దగ్గర కాళ్ళతో నాజూకు చూపబోయి మాంజుకిచ్‌కు గోలు దానం చేశాడు. రెండూ నిజాలే. ఏది ఎక్కువసార్లు చూపారో టీవీ చూసినవారికి తెలుసు. 2022 ఫైనల్ షూటౌట్‌లో అర్జెంటీనా పెనాల్టీలు నాలుగూ అతణ్ణి దాటిపోయాయి. పెనాల్టీలు ఆపడంలో అతడు బాత్స్ అంతటివాడు కాదు. ఆ విమర్శ న్యాయమైనదే. కాని ఫ్రాన్సు తరఫున అందరికంటె ఎక్కువగా 145 మ్యాచిలాడినవాణ్ణి, కప్పు ఎత్తిన నాయకుణ్ణి, "కాపరే లేడు" అన్న ఒక్క మాటతో కొట్టిపారేయడం విమర్శ కాదు, బద్ధకం. బాత్స్ ఆట మానిన తర్వాత లియోన్‌లో 2000 నుంచి 2017 దాకా కాపరులకు శిక్షణ ఇచ్చాడు. కూపే, లోరిస్ ఇద్దరూ అతని చేతికింద పనిచేసినవాళ్ళే. దాన్ని ఒక పరంపర అనక ఏమంటాం?

ప్రేక్షకుల నోటికి అందరికంటె దగ్గరగా నిలబడేవాడు కూడా కాపరే. 2024 జనవరిలో ఇటలీలోని ఉదీనేలో మిలన్ కాపరి మైక్ మేన్యాన్‌ను వల వెనక నుంచి జాతిపేరుతో అవమానించారు. అతడు మైదానం వదలి వెళ్ళిపోయాడు, జట్టు అతని వెంట నడిచింది. కాసేపటికి తిరిగివచ్చి, అదే వల ముందు నిలబడి ఆట ముగించాడు. ఆ పని చేయడానికి కావలసిన గుండెను ఏ గణాంకాల పట్టికలో వేస్తారు?

సాహిత్యాభిమానుల కోసం చివరిగా ఒక్క సాక్ష్యం. ఆల్బేర్ కామూ అల్జీర్స్‌లో కుర్రవాడిగా కాపరి. 17వ యేట క్షయ సోకి ఆట మానవలసివచ్చింది. నీతిని గురించి తనకు తెలిసినది ఫుట్‌బాల్ వల్లనే తెలిసిందన్న అర్థం వచ్చే అతని మాటను అందరూ ఉటంకిస్తారు. నాకు అంతకంటె విలువైనది మరొకటుంది. 1957 అక్టోబరులో, నోబెల్ బహుమతి ప్రకటించిన కొద్దిరోజులకు, అతడు ప్యారిస్‌లో రేసింగ్, మొనాకో జట్ల మ్యాచి చూస్తుండగా ఒక విలేకరి పలకరించాడు. రేసింగ్ కాపరి తప్పు చేశాడుగదా అని అడిగాడు. అతణ్ణి నిందించకూడదనీ, ఆ కర్రల మధ్య నిలబడితేగాని అదెంత కష్టమో తెలియదనీ కామూ జవాబిచ్చాడు. లోకమంతా తనను పొగుడుతున్న వారంలో, పేరుకూడా మనకు పట్టని ఒక కాపరి పక్షాన అతడు మాట్లాడాడు.

ఫార్వర్డు పదిసార్లు గురి తప్పి ఒకసారి కొడితే వీరుడు. కాపరి పదిసార్లు ఆపి ఒకసారి వదిలితే దోషి. ఒకడి ఖాతాలో జమలు మాత్రమే, మరొకడి ఖాతాలో ఖర్చులు మాత్రమే వ్రాసే గుమాస్తాను మన దుకాణంలో ఒక్కరోజైనా ఉంచుకొంటామా?

విభేదించేవారు తప్పక వ్రాయండి. బార్తెజ్ చెయ్యెత్తిన దృశ్యం వర్ణించండి, నాకేమీ అభ్యంతరం లేదు. కాని దాని పక్కన అతడు ఆపిన బంతి ఒక్కటైనా వ్రాయండి. అది గుర్తుకు రాకపోతే, ముందు ఆ మ్యాచి మళ్ళీ చూసి రండి, అప్పుడు వాదించుకొందాం.