భూమి కొన్నాం సరే, కాగితం మాటేమిటి?

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి, వేరుశనగ తెచ్చిన రైతులు తూకం అయ్యాక మన సంఘం ఆఫీసుకు వచ్చి కూర్చోవడం మామూలే. ఒకప్పుడు ధర గురించి, తరుగు గురించి అడిగేవాళ్లు. ఇప్పుడు చాలామంది చంకలో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టుకొని వస్తున్నారు. అందులో పాత పాసుబుక్కు, మడతల్లో చిరిగిన అగ్రిమెంటు, ఎప్పటిదో శిస్తు రసీదు ఉంటాయి. ‘అన్నా, ఇది చెల్లుతుందా?’ అని అడుగుతారు. ఎమ్మిగనూరు, కోసిగి, పెద్దకడబూరు వైపు నుంచి వచ్చేవాళ్లదీ ఇదే ప్రశ్న.

ఈమధ్య మన సభ్యుడొకాయన వచ్చాడు. ఇరవై ఏళ్ల కిందట మూడెకరాల నల్లరేగడి కొన్నాడు. పెద్దమనుషుల ముందు తెల్ల కాగితం మీద రాసుకొని డబ్బు మొత్తం లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ రోజు నుంచి తానే దున్నుకుంటున్నాడు. అమ్మినాయన చనిపోయాడు. కొడుకులు వారసత్వం కింద పేర్లు ఎక్కించుకొని, ‘మా నాయన అమ్మలేదు, కౌలుకిచ్చినాడు’ అంటున్నారు. సాక్షి సంతకం పెట్టిన పెద్దమనుషుల్లో ఇద్దరు ఇప్పుడు లేరు. పంట ఈయనది, రైతు సాయం డబ్బులు మాత్రం అమ్మినోళ్ల ఖాతాలో పడుతున్నాయి. ఇలాంటి కథ మన ప్రతి ఊళ్లోనూ ఉంది. అందుకే ఈ నెల సంపాదకీయంలో ధరల మాట పక్కన పెట్టి, మనవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాం.

తెల్ల కాగితం మీద రాసుకుంటే అమ్మకం అయినట్టేనా?

కాదు. నూరు రూపాయలు, అంతకు మించి విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. సాదా బైనామా అనేది అమ్మకపు దస్తావేజు కాదు. అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. 1971 నాటి పట్టాదారు పాసుబుక్కుల చట్టంలోని 5-ఎ సెక్షన్ కింద ఇలాంటి కొనుగోళ్లను తహసీల్దార్ క్రమబద్ధీకరించి 13-బి సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. దానికి ప్రభుత్వం గడువులు పెడుతూ, పొడిగిస్తూ వస్తోంది. గడువు ఉన్నప్పుడే 10వ నంబరు ఫారంలో దరఖాస్తు పెట్టి, రసీదు తీసుకోండి. సాక్షులు బతికి ఉన్నప్పుడే ఆ పని చేయండి.

పన్నెండేళ్లు దున్నితే భూమి మనదైపోతుందా?

ఊరికే కాదు. అసలు హక్కుదారుకు తెలిసేలా, అతని హక్కును కాదని, బహిరంగంగా, ఎడతెగకుండా అనుభవించినట్టు కోర్టులో మనమే రుజువు చేయాలి. కౌలుకు తీసుకున్నవాడికి, అన్నదమ్ముల పాలు చూసుకుంటున్నవాడికి ఈ వాదన నిలవదు. పన్నెండేళ్ల మాట నమ్ముకొని రిజిస్ట్రేషన్ వాయిదా వేయొద్దు.

అగ్రిమెంటు, జీపీఏ చాలదా?

అగ్రిమెంటు అంటే అమ్ముతానన్న మాట మాత్రమే. మన రాష్ట్రంలో 1999 నుంచి అమ్మకపు అగ్రిమెంటును కూడా రిజిస్టరు చేయించాలన్న నిబంధన ఉంది. అమ్మినవాడు మాట తప్పితే, అగ్రిమెంటులో రాసుకున్న గడువు నుంచి మూడేళ్లలోపు కోర్టుకు పోవాలి. గడువు రాసుకోకపోతే, అతను కాదన్నాడని మనకు తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. ‘మనవాడే కదా’ అని నాలుగో ఏడు వరకు ఆగినవాళ్లు నష్టపోయారు. జీపీఏ రాయించుకున్నంత మాత్రాన భూమి మనది కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ లాంప్ కేసులో తేల్చి చెప్పింది. బయానా ఇచ్చినా, మిగతా సొమ్ము ఇచ్చినా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. నోటి లెక్కకు సాక్ష్యం ఉండదు.

రిజిస్ట్రేషన్ అయిపోతే ఇక భయం లేదా?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. అమ్మేవాడికి లేని హక్కు రిజిస్ట్రేషన్‌తో మనకు రాదు. హక్కు ఎవరిదో విచారించడం సబ్ రిజిస్ట్రార్ పని కాదని తమిళనాడు కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో మళ్లీ చెప్పింది. పాసుబుక్కులో, 1-బిలో పేరున్నంత మాత్రాన హక్కు ఖాయం కాదు, అది రెవెన్యూ లెక్క. హక్కుకు ప్రభుత్వమే పూచీ పడుతుందని చెప్పి తెచ్చిన భూ హక్కు చట్టం, తగాదాలను సివిల్ కోర్టు చేతి నుంచి తప్పించి అధికారుల చేతిలో పెట్టింది. రైతులు, లాయర్లు వ్యతిరేకించారు. 2024లో అది రద్దయింది. కాబట్టి పూచీ పడేవాడు ఎవరూ లేరు. కొనేవాడే చూసుకోవాలి.

ఏమేం చూసుకోవాలి?

మొదట ఈసీ తీయించండి. రిజిస్టరు అయిన అమ్మకాలు, తాకట్టులు అందులో కనిపిస్తాయి. రిజిస్టరు కాని అగ్రిమెంటు, నోటి భాగపంపకం కనిపించవు. అందుకని ఊళ్లో చుట్టుపక్కల పొలాల వాళ్లను అడగండి. కొనేముందు చెక్కుబందీ పట్టుకొని పొలం చుట్టూ తిరగండి, కొలత వేయించండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరుకు బదులు ఎల్‌పీఎం నంబరు వచ్చింది. ఒకే ఎల్‌పీఎంలో నలుగురి పేర్లు కలిపిన చోట, విడగొట్టించుకోకుండా కొంటే చిక్కులే.

లింకు దస్తావేజులు వరుసగా చూడండి. మన ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో ఉన్నాయి. తాతల నాటి కాగితాల్లో బళ్లారి జిల్లా అని ఉంటే అది దొంగ కాగితమని కంగారు పడొద్దు, పనికిరాదని పారేయొద్దు.

తర్వాత 22-ఎ నిషేధిత జాబితా చూడండి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, సీలింగ్, అసైన్డ్ భూములు అందులో ఉంటాయి. అసైన్డ్ పట్టా కొనేవాళ్లు మరీ జాగ్రత్త. 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు, భూమి వెనక్కి పోతుంది, ఇచ్చిన డబ్బు పోతుంది. ఇరవై ఏళ్లు దాటిన పట్టాలు అమ్ముకోవచ్చని 2023లో సవరణ చేశారు. అక్రమాలు జరిగాయంటూ 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపేశారు. ‘ఫ్రీహోల్డ్ అయింది’ అని బ్రోకరు చెప్తే నమ్మొద్దు, తహసీల్దార్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.

ఆడబిడ్డల సంతకం కావాలా?

కావాలి. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లలకు సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం 1985 సెప్టెంబర్ నుంచి వర్తించేలా చట్టం చేసింది. 2005లో కేంద్ర చట్టం వచ్చాక పెళ్లయినవాళ్లకూ ఆ హక్కు వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. సిరుగుప్పకో రాయచూరుకో ఇచ్చిన ఆడబిడ్డ ఊళ్లో కనిపించదు కాబట్టి ఆమెను మరిచిపోవడం మనవాళ్లకు అలవాటైంది. ఇది కొనేవాడికి ముప్పు ఒక్కటే కాదు, ఆమెకు అన్యాయం కూడా. మైనరు పిల్లల వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి ఉండాలి.

ఇన్ని చెప్పాక ఒక నిజం ఒప్పుకోవాలి. మనవాళ్లు తెలియక మాత్రమే తెల్ల కాగితం మీద రాసుకోవడం లేదు. ఖర్చుకు భయపడి రాసుకుంటున్నారు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. ఐదు లక్షల భూమికి రూ.37,500. పైన దస్తావేజు లేఖరికి, తిరుగుళ్లకు అయ్యేది వేరే. వానలు లేక పంట పోయి, అప్పు తీర్చడానికి ఎకరా అమ్ముకొని, పిల్లాజెల్లాతో గుంటూరు మిరప కోతకు సుగ్గి పోయే కుటుంబం ఆఫీసుల చుట్టూ ఎన్ని రోజులు తిరుగుతుంది? బస్సెక్కే తొందరలో తక్కువ ధరకు అమ్ముతుంది, ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ వేస్తుంది. అలాంటి అమ్మకంలో అమ్మినవాడూ మోసపోతాడు, కొన్న సన్నకారు రైతూ మోసపోతాడు. బాగుపడేది మధ్యవాడు.

అందుకే ప్రభుత్వాన్ని మేము అడుగుతున్నవి ఇవి. సన్న, చిన్నకారు రైతుల కొనుగోళ్లకు రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గించాలి. సాదా బైనామాల దరఖాస్తులను మండలాల్లో క్యాంపులు పెట్టి, సుగ్గి పోయినవాళ్లు ఊరికి తిరిగి వచ్చే నెలల్లో విచారించాలి. 22-ఎలో పొరపాటున చేర్చిన పట్టా భూములను, రైతును తిప్పించుకోకుండా ఆఫీసే తీసేయాలి. ఉమ్మడి ఎల్‌పీఎంలను ఉచితంగా విడగొట్టాలి.

మనం చేయాల్సిందీ ఉంది. ఇంటి పెద్ద చనిపోతే వారసుల పేర్ల మార్పు ఏళ్ల తరబడి నానబెట్టొద్దు. చట్టం ఇచ్చిన గడువు 90 రోజులు. ఏ అర్జీ ఇచ్చినా రసీదు అడగండి. తిరస్కరిస్తే ఉత్తర్వు కాగితం తీసుకోండి, అది లేకపోతే అప్పీలుకు పోలేం. బయానా ఇచ్చే ముందు ఒక్కసారి కాగితాలు తీసుకొని సంఘం ఆఫీసుకు రండి. చదివి చెప్పడానికి మేమున్నాం. డబ్బు ఇచ్చాక వస్తే మేము చెప్పగలిగేది చాలా తక్కువ.