మందుచీటిపై హీమోగ్లోబిను అంకె యుండవలెను



ఇనుము కొఱవడినచో ముఖము పాలిపోవుననియు, నాలుగు మెట్లెక్కినంతనే ఆయాసము గలుగుననియు మన యిండ్లలో నెల్లరు నెఱుగుదురు. కాని మనము మ్రింగిన మందును విఱిచి దేహమునుండి వెడలించు కార్యమునందును ఆ లోహమునకు పాలు గలదని యెఱిగినవారు అరుదు. కాలేయకణములయందు సైటోక్రోము పి-450 అను ఎంజైముల కుటుంబ మొకటి కలదు. కార్బన్ మోనాక్సైడుతో గూడినపుడు 450 నానోమీటర్ల కాంతిని మిక్కుటముగా గ్రహించుటచే జపాను శాస్త్రజ్ఞులు ఒమురా, సాటోలు 1962లో దానికి పి-450 అని పేరిడిరి. రక్తమునందలి హీమోగ్లోబినునకువలెనే దీనికిని నడుమ హీము అను అణువు, దాని నడుమ ఇనుప పరమాణువు గలవు. ప్రాణవాయువును గ్రహించి మందు అణువునకు జేర్చి, అది నీట కరగి వెడలిపోవుటకు దారి తీయునది ఆ పరమాణువే.

అట్లని ఇనుము తగ్గినంతనే కాలేయము పని మానునని చెప్పుట సత్యము కాదు. ఎలుకలకు ఇనుములేని యాహారము పెట్టగా పేగుగోడలయందలి పి-450 శీఘ్రముగా క్షీణించెను గాని, కాలేయమునందలిది చాలవఱకు నిలిచెను. జంతుపరీక్షలలో కొన్ని మందుల విచ్ఛేదము హెచ్చుటయు కానవచ్చెను. ఈ యనిశ్చితియే మా వాదమునకు బలము: ఏ వైపునకు ఒఱగునో తెలియని త్రాసుతో తూచి ఔషధ మిచ్చుట తగునా? పేదవానికి ఇనుమొక్కటే కొఱవడదు; మాంసకృత్తులును, పి-450కి ఎలక్ట్రానుల నందించు ఎంజైమునకు ఆవశ్యకమైన రైబోఫ్లావినును కొఱవడును. పోషణలోపము గలవారి శరీరమున మందులు నడచు తీరు వేఱని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థయందు డాక్టరు కమలా కృష్ణస్వామి ప్రభృతులు 1970వ దశకముననే చూపిరి. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేను బట్టి 15–49 ఏండ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి 58.8, తెలంగాణమున 57.6 వంతున రక్తహీనులు. ఇట్టి దేశమున పుష్టిగల దేహమునకు నిర్ణయించిన మోతాదునే అందఱికిని కన్నులు మూసికొని పంచుట అన్యాయము.

కావున క్షయ, మూర్ఛ వంటి వ్యాధులకు దీర్ఘకాలపు చికిత్స నారంభించునపుడు ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునను రోగి బరువుతోపాటు హీమోగ్లోబిను అంకెను మందుచీటి శిరస్సున వ్రాయవలెను. అది తగ్గుట కెల్లపుడు ఇనుమే హేతువు కాదు, క్షయవలనను తగ్గును; గనుక కారణ మరసి, ఇనుము కొఱవడినవారికి మాత్రలు అప్పుడే యియ్యవలెను. ఇనుపమాత్ర డాక్సీసైక్లిను, సిప్రోఫ్లాక్ససిను, థైరాయిడు మాత్రలతో కలిసినచో ఆ మందులు చక్కగా ఒంటబట్టవు. తేనీటితో మ్రింగినచో ఇనుమే చక్కగా ఒంటబట్టదు. ఏది ఏ వేళకో చీటిపై తెలుగున వ్రాసి యియ్యవలెను. ఈ కోరికను గ్రామసభలయందు తీర్మానముగా జేసి జిల్లా వైద్యాధికారికి పంపుడు. అంతవఱకు ఆసుపత్రికి పోయిన ప్రతివారును ఆ అంకెను అడిగి వ్రాయించుకొనుడు.