సులేమాన్ తన పేరుతో గడప తొక్కేదెప్పుడు?

2012లో విడుదలైన ‘దేనికైనా రెడీ’ చిత్రాన్ని ఇటీవల మళ్లీ చూశాం. జి. నాగేశ్వరరెడ్డి దర్శకత్వంలో మంచు విష్ణు, హన్సిక నటించిన ఆ ప్రేమకథను ఆనాడు కడుపుబ్బ నవ్వుకుంటూ చూసినవారిలో మేమూ ఉన్నాం. ఈసారి నవ్వు రాలేదు.

కథ చాలామందికి తెలిసిందే. సులేమాన్ ముస్లిం తండ్రికి, హిందూ తల్లికి పుట్టినవాడు. ఆ పెళ్లి వల్ల పుట్టింటికి దూరమైన తల్లిని తిరిగి తన అన్నతో కలపాలన్నది అతని ఆశ. అందుకని కృష్ణశాస్త్రిగా వేషం కట్టి, యాగం జరిపించే నెపంతో మేనమామ ఇంట అడుగుపెడతాడు. అక్కడి నుంచే ప్రేమా, హాస్యమూ.

తమను కించపరిచారంటూ ఆనాడు బ్రాహ్మణ సంఘాలు ఆందోళనకు దిగాయి. నొచ్చుకున్నవారికి నిరసన తెలిపే హక్కు ఉంది. దానితో మాకు పేచీ లేదు. మా ప్రశ్న వేరు. వేషం గురించి అంత చర్చ జరిగింది గదా, ఆ వేషం కింద దాగవలసి వచ్చిన పేరు మాటేమిటి? స్వయానా మేనల్లుడై ఉండి, సులేమాన్ సులేమాన్‌గా ఆ గడప ఎందుకు తొక్కలేకపోయాడు? మేమూ అడగలేదు. నవ్వి ఊరుకున్నాం.

ముస్లిం యువకుడు పేరు మార్చుకొని హిందువుల ఇంట చేరడం, ఆ ఇంటి అమ్మాయిని ప్రేమించడం నాడు హాస్యం. నేడు అదే కథను ‘లవ్ జిహాద్’ పేరిట కుట్రగా ప్రచారం చేస్తున్నారు. ఆ మాటకు ప్రస్తుత చట్టాల్లో నిర్వచనం లేదని, కేంద్ర సంస్థలేవీ అటువంటి కేసును నివేదించలేదని 2020 ఫిబ్రవరిలో లోక్‌సభకు తెలిపింది మరెవరో కాదు, నాటి కేంద్ర హోంశాఖ సహాయమంత్రి, సికింద్రాబాద్ ఎంపీ జి. కిషన్‌రెడ్డి. అయినా ఆ ప్రచారం ఆగలేదు. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం మతమార్పిడి నిరోధక ఆర్డినెన్సు తెచ్చింది. 2021లో అది చట్టమైంది. 2024 సవరణతో గరిష్ఠ శిక్ష యావజ్జీవానికి పెరిగింది. సంబంధం లేనివారు సైతం ఫిర్యాదు చేసే వీలు కలిగింది.

పేరు దాచి ఒక స్త్రీని వంచించడాన్ని మేము సమర్థించం. చిత్రాన్ని ద్వేషంతో తీశారనీ అనం. విడిపోయిన కుటుంబాన్ని కలపడమే దాని ఉద్దేశం. అయితే సదుద్దేశంతో వచ్చిన ముస్లింకు సైతం మారుపేరు తప్పదని అది ఎంత సునాయాసంగా నమ్మించిందో చూడండి! అద్దె ఇంటి కోసం వెళ్లి, పేరు చెప్పగానే వెనుదిరగవలసి వచ్చినవారికి ఆ నమ్మకం ఖరీదు తెలుసు.

నిషేధాలు మాకు అక్కర్లేదు. తెలుగు రచయితలను, దర్శకులను మేము కోరేది ఒక్కటే: సులేమాన్‌ను సులేమాన్‌గానే తలుపు తట్టనివ్వండి. ఆ తలుపు తెరుచుకునే కథలోనూ బోలెడంత హాస్యం ఉంటుంది. అప్పుడు మేమూ మనసారా నవ్వుతాం.