ఉమ్మడి ముప్పుకు విడివిడి ఏర్పాట్లా?



తుపాను హెచ్చరిక రాగానే ప్రతి శాఖా తాను సిద్ధమని ప్రకటిస్తుంది. కరెంటు వాళ్ల లెక్క వాళ్లది, నీటి సరఫరా వాళ్ల లెక్క వాళ్లది. కానీ వైఫల్యం శాఖల సరిహద్దులు చూసుకుని ఆగదు.

2012 జులై 30 తెల్లవారుజామున బీనా–గ్వాలియర్ 400 కేవీ లైనులో ఒక సర్క్యూట్ పనుల కోసం అప్పటికే ఆపి ఉంది. భారమంతా మోస్తున్న రెండోది ట్రిప్ అయింది. ఆ భారం మిగతా లైన్ల మీద పడి అవీ వరసగా ట్రిప్ అయ్యాయి, ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయాయి. సుమారు 60 కోట్ల మంది ఉండే ప్రాంతమది. రైళ్లు, ఢిల్లీ మెట్రో నిలిచిపోయాయి. బెంగాల్ బొగ్గు గనుల్లో లిఫ్టులు కదలక కార్మికులు లోపలే చిక్కుకున్నారు.

దక్షిణాది అప్పుడు బయటపడింది. మిగతా గ్రిడ్లతో మనకున్నవి డీసీ (ఏకముఖ విద్యుత్) లింకులే కావడంతో ఆ కుదుపు ఇటు రాలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో మనమూ ఆ గ్రిడ్లతో కలిశాం. కొరత వేళ పొరుగు నుంచి కరెంటు తెచ్చుకునే వీలు పెరిగింది కాబట్టి ఆ కలయిక మేలే. అయితే ముప్పులోనూ ఇప్పుడు మనకు వాటా ఉంది.

గ్రిడ్ నిలబడినా నగరం చతికిలపడవచ్చని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో చూపించింది. కరెంటు, ఫోన్లు, నీళ్లు అన్నీ పోయాయి, పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. వీటిలో ఒకటి లేనిదే మరొకటి కోలుకోదు. కరెంటు లేనిదే ఫోన్ టవర్ పనిచేయదు, ఫోన్ లేనిదే లైన్ బాగుచేసేవాళ్లకు కబురందదు. బంకులో పంపు తిరగనిదే ఆసుపత్రి జనరేటర్‌కు డీజిల్ రాదు.

అందుకే అన్ని శాఖలూ కలిసి ఏ సబ్‌స్టేషన్ మీద ఏ ఆసుపత్రి, ఏ పంపుహౌస్, ఏ టవర్ ఆధారపడ్డాయో చూపే ఒకే పటం తయారుచేయాలి. డీజిల్ ముందు ఎవరికివ్వాలో ఇప్పుడే తేల్చాలి. ఏటా వానాకాలానికి ముందు, ఆసుపత్రులకు ప్రత్యామ్నాయం చూపి, ఒక్కో ప్రాంతంలో కొన్ని గంటలు కరెంటు ఆపి ఉమ్మడిగా పరీక్షించాలి. బయటపడ్డ లోపాలను ప్రజలకు చెప్పాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. అన్ని శాఖలనూ ఒక్కచోట కూర్చోబెట్టే అధికారం ఆయన చేతిలోనే ఉంది. వచ్చే తుపాను కాలానికి ముందే ఆ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత విద్యుత్ ఉద్యోగి,
విశాఖపట్నం