ఒక్క పట్టుతో బలం తేలదు

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి ఫిట్‌నెస్ రిపోర్టు నా ముందు పెట్టారు. "మా పాప చేతి పట్టు 16 కిలోలేనా సార్? ఇంట్లో నీళ్ల బిందె తనే ఎత్తుతుంది" అన్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి. ఆ అంకె రాసింది నేనే.

మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి మళ్లీ కొలిచాను. తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. అంతకుముందు అబ్బాయిల వరుస అయిపోగానే అదే డైనమోమీటర్ తన చేతికిచ్చాను. పిడి వాళ్ల చేతులకు సరిపోయేంత వెడల్పుగానే ఉండిపోయింది. ఈసారి పిడి దగ్గరకు జరిపి, కుర్చీలో కూర్చోబెట్టి, మూడుసార్లు నొక్కించాను. 19, 21, 21 వచ్చాయి. రాత్రికి రాత్రే పాప బలం పెరగలేదు, నా కొలత కుదిరింది.

బలం కొలవడం ఎత్తు కొలిచినంత తేలిక కాదు. గోడకు నిలబెడితే ఎత్తు తెలుస్తుంది. పూర్తి బలం మాత్రం పిల్లలు మనసు పెట్టి ప్రయత్నిస్తేనే బయటికొస్తుంది. మొదటిసారి పరికరం పట్టుకున్నవారికి ఎంత గట్టిగా నొక్కాలో తెలియదు. బరువులెత్తడం కొత్తగా మొదలుపెట్టిన పెద్దవాళ్లకైనా, ఆడైనా మగైనా, కండ పెరగకముందే రెండో మూడో రోజుకి అంకె పెరుగుతుంది. ఒంటికి ఆ పని అలవాటవుతుంది, అంతే. కాబట్టి ముందు సాధన, తర్వాతే కొలత.

మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చారు. ఆ పోటీల్లోనూ ఒక్కో విభాగానికి మూడు అవకాశాలిస్తారు. ఏళ్ల తరబడి సాధన చేసినవారికే మూడు ఇస్తుంటే, పరికరాన్ని తొలిసారి చూసిన మన పిల్లలకు ఒక్కటేనా?

ఈడు రాకముందు ఆడపిల్లల బలానికీ మగపిల్లల బలానికీ పెద్ద తేడా ఉండదు. తర్వాత అబ్బాయిల కండ వేగంగా పెరుగుతుంది. ఆ తేడా కాళ్లలో కన్నా చేతుల్లో, భుజాల్లో ఎక్కువ. అది సహజం. కానీ పిడి సరిపోక, పదిమంది చూస్తున్నారన్న బిడియంతో తగ్గిన అంకె సహజం కాదు. అబ్బాయి నొక్కుతుంటే "ఇంకా, ఇంకా" అని అరిచే గ్రౌండ్, అమ్మాయి వంతు వచ్చేసరికి మౌనంగా ఉంటే ఆ రెండు అంకెలనూ పోల్చలేం. ప్రోత్సాహంతోనూ అంకె మారుతుంది.

అందుకే కొలిచే పద్ధతి మారాలంటాను. ముందు ఒక సాధన పీరియడ్. కొలిచే రోజు చేతికి తగ్గట్టు పిడి, మోచేయి లంబకోణంలో, మధ్యలో విశ్రాంతినిస్తూ మూడు ప్రయత్నాలు. అందరికీ ఒకే ప్రోత్సాహం. మూడు అంకెలకూ పొంతన లేకపోతే ఇంకో రోజు మళ్లీ. దీనికి రెండు పీరియడ్లు అదనంగా పడతాయి. పరీక్షల ముందు ఇదెందుకని కొందరు అడగవచ్చు. "నాకు బలం లేదు" అని పదమూడేళ్లకే నమ్మిన పిల్ల కబడ్డీ కోర్టు వైపు కూడా రాదు. ఆ నష్టం ముందు రెండు పీరియడ్లు ఎంత?

మీరూ రిపోర్టు చూడగానే ఎన్నిసార్లు కొలిచారో అడగండి. అన్నతోనో పక్కింటి అబ్బాయితోనో పోల్చకండి. పోయిన టర్మ్‌లో తన అంకెతోనే పోల్చండి.

ఆ అమ్మాయి రిపోర్టులో 16 కొట్టేసి 21 రాశాను. పక్కన నా సంతకం పెట్టాను.

— వ్యాయామ ఉపాధ్యాయుడు, హైస్కూల్ విభాగం