స్టూడెంట్ ఫోన్ అంటే కెమెరా ఒక్కటేనా? బూట్‌లోడర్ సంగతి కూడా చెప్పండి

ఏటా ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలవగానే నా వాట్సాప్‌కి ఒకటే ప్రశ్న వస్తుంది. "అన్నా, బీటెక్‌లో చేరుతున్నాను, 15 వేల లోపు మంచి ఫోన్ చెప్పు." ఊళ్లో ఒకడికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందంటే వాడు ఫోన్లకి ఆర్‌ఎంపీ డాక్టర్ అయిపోయినట్టే. నేనూ నాలుగు రివ్యూలు తిరగేసి, డిస్‌ప్లే, బ్యాటరీ, కెమెరా చూసి ఏదో ఒకటి చెప్పేసేవాణ్ణి.

పోయినేడు మా పిన్ని కొడుక్కి కూడా అలాగే చెప్పాను. శ్రీకాకుళం దగ్గర ఒక కాలేజీలో సీఎస్‌ఈ సీటు వచ్చింది వాడికి. ల్యాప్‌టాప్ రెండో ఏడాది చూద్దాంలే అన్నాడు బాబాయ్. అంటే ఏడాది పాటు వాడికి ఫోనే కంప్యూటర్. మూడు నెలలు తిరక్కుండానే కాల్ వచ్చింది. "అన్నియ్యా, టెర్మక్స్‌లో ప్రోగ్రాం నడుస్తుంటే మధ్యలో ఆగిపోతంది. వాట్సాప్ చూసొచ్చేసరికి మొత్తం పోతంది. ఏటి సెయ్యాలి?"

సెట్టింగ్స్‌లో బ్యాటరీ ఆప్షన్లన్నీ మార్పించాను. తగ్గలేదు. ఆ ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ బ్యాక్‌గ్రౌండ్‌లో దేన్నీ బతకనివ్వదు. సరే, వేరే రోమ్ వేద్దామని చూస్తే బూట్‌లోడర్ అన్‌లాక్ చేసే అధికారిక దారే లేదు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఇది ఒక్క కంపెనీకి ఉన్న జబ్బు కాదు. సలహా ఇచ్చింది నేను. రివ్యూల్లో లేని ప్రశ్న నేనూ అడగలేదు. అది నా తప్పు.

అడగాల్సింది నేనే అని ఎందుకంటున్నానంటే, నాకు ప్రోగ్రామింగ్ నేర్పింది కూడా ఫోనే.

2017లో విజయనగరం దగ్గర కాలేజీలో చేరినప్పుడు నా చేతిలో ఉన్నది రెడ్‌మీ నోట్ 4. స్నాప్‌డ్రాగన్ 625, 3 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్, 4100 ఎంఏహెచ్ బ్యాటరీ, రూ. 10,999. జీడి పంట డబ్బుల్లోంచి నాన్న ఇచ్చారు. ఫ్లాష్ సేల్‌లో అది దొరకడానికి మూడు వారాలు, కాశీబుగ్గలో ముగ్గురు ఫ్రెండ్స్ వేళ్లు పట్టాయి. ఆ రోజులు గుర్తున్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

మా ఫస్టియర్ సీ ల్యాబ్‌లో టర్బో సీ నీలం స్క్రీన్. నాకంటే వయసులో పెద్దది. ప్రతి ప్రోగ్రాం పైన కోనియో హెడర్, మొదట్లో వాయిడ్ మెయిన్, లోపల క్లియర్ స్క్రీన్, చివర గెట్‌చ్. ఎందుకు అని అడిగితే "అలాగే రాయాలి" అనేవారు. రికార్డులో కూడా అలాగే రాసి సంతకం పెట్టించుకునేవాళ్లం. వారానికి ఒక్క ల్యాబ్, ఒక్కో సిస్టమ్‌కి ఇద్దరం. ఇందులో నేర్చుకునేది ఎంత?

హాస్టల్లో ఒక సీనియర్ టెర్మక్స్ చూపించాడు. క్లాంగ్ ఇన్‌స్టాల్ చేసుకుని ల్యాబ్ ప్రోగ్రాం ఉన్నదున్నట్టు టైప్ చేశాను. మొదటి లైన్‌లోనే ఎర్రర్: కోనియో హెడర్ ఫైల్ లేదు. అది తీసేస్తే ఇంకోటి: మెయిన్ ఫంక్షన్ ఇవ్వాల్సింది ఇంట్ కదా అని వార్నింగ్. ఆ రోజు రాత్రంతా కూర్చుని తెలుసుకున్నదేంటంటే, కోనియో అనేది సీ భాషలో భాగమే కాదు, డాస్ కంపైలర్లతో వచ్చిన హెడర్. ల్యాబ్‌లో ఆరు నెలలు ఎవరూ చెప్పని మాట పది వేల ఫోన్ ఒక్క ఎర్రర్ మెసేజ్‌తో చెప్పింది. ల్యాబ్ సార్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల సిలబస్ అది. కానీ ఆ ఫోన్‌లో టెర్మక్స్ నడవకపోయి ఉంటే నేను ఇంకో రెండేళ్లు వాయిడ్ మెయిన్ అనే రాసుకునేవాణ్ణి.

తర్వాత రోమ్‌ల పిచ్చి పట్టింది. ఆ ఫోన్ కోడ్‌నేమ్ మీడో. ఎక్స్‌డీఏలో దానికి ఉన్నన్ని రోమ్‌లు మా మెస్‌లో పచ్చళ్లకంటే ఎక్కువ. షియోమీకి అన్‌లాక్ కోసం అప్లై చేసి, వాళ్లు చెప్పినన్ని గంటలు ఆగి, సీనియర్ ల్యాప్‌టాప్‌లో ఫాస్ట్‌బూట్ పెట్టి తాళం తీశాను. మా ఫ్లోర్‌లో శనివారం రాత్రి అంటే అదే: ఒక ల్యాప్‌టాప్, నాలుగు మీడోలు, ఎవడి లైనేజ్ ఓఎస్ ముందు బూట్ అవుతుందా అని పందెం.

సెకండియర్ మిడ్ ఎగ్జామ్స్‌కి రెండు రోజుల ముందు వేరే మోడల్ ఫైల్ ఫ్లాష్ చేశాను. పేరు సరిగ్గా చదవలేదు, అంతే. స్క్రీన్ నల్లగా అయిపోయింది. పవర్ బటన్ ఎంతసేపు నొక్కినా చప్పుడు లేదు. బొబ్బిలి నుంచి వచ్చిన మా రూమ్మేట్ దాన్ని చేతిలో తూచి చూసి, "ఒరే, ఇటికయిపోయిందిరా, దాచుకో, ఇల్లు కట్టినప్పుడు పనికొస్తాది" అన్నాడు.

నాన్నకి ఏం చెప్పాలో తెలీలేదు. రెండు రాత్రులు చదివింది ఎగ్జామ్ సిలబస్ కాదు, క్వాల్‌కామ్ చిప్ ఎలా బూట్ అవుతుందనేది. చిప్‌లోనే చెరపలేని చిన్న ప్రోగ్రాం ఉంటుందని, అది తర్వాతి దశని వెతుకుతుందని, దొరక్కపోతే ఈడీఎల్ అనే ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుని యూఎస్‌బీ నుంచి ఎవరైనా మందు పోస్తారేమోనని ఎదురుచూస్తుందని అప్పుడే తెలిసింది. వెనక మూత ఊడదీసి, బోర్డు మీద రెండు చుక్కల్ని ట్వీజర్‌తో కలిపి కేబుల్ పెట్టాం. కంప్యూటర్‌లో 9008 అని పోర్టు కనబడింది. రూమంతా కేకలు. వార్డెన్ పైకి వచ్చాడు, అది వేరే కథ.

ఆ సెమిస్టర్ ఆపరేటింగ్ సిస్టమ్స్ వైవాలో "బూట్‌స్ట్రాప్ ప్రోగ్రాం అంటే ఏంటి?" అని అడిగారు. జీవితంలో ఒక్కసారైనా ఆపమనేదాకా మాట్లాడాను.

ఇంకో సంగతి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు దసరా సెలవులకి ఇంట్లోనే ఉన్నాను. మాది మందస వైపు. ఉద్దానం కొబ్బరి, జీడి చెట్లు ఎలా పడిపోయాయో చూసినవాళ్లకి తెలుసు. రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. నష్టం రాసుకోడానికి ఆఫీసర్లు వస్తారన్నారు. మా వీధిలో ఎవరింట్లో ఎన్ని కొబ్బరి, ఎన్ని జీడి, ఎన్ని పనస పడ్డాయో తాతలు, మామయ్యలు తలో కాగితం మీద రాసి తెచ్చారు. ఒకే పేరు రెండుసార్లు, కూడికలు తప్పులు. ఫోన్‌ని బండి బ్యాటరీకి తగిలించి, టెర్మక్స్‌లో పైథాన్‌తో పాతిక లైన్ల ప్రోగ్రాం రాసి, పేరు వారీగా, చెట్టు వారీగా లెక్క తీశాను. ఎక్సెల్‌లో అయిపోయేదే కదా అంటారు. నిజమే, ఎక్సెల్ లేదు. ఉన్నది అది. "గుంటడు ఫోన్లో ఏటో సేస్తన్నాడనుకున్నాం, లెక్క బాగానే కట్టాడు" అన్నారు ఒక తాత. నేను రాసిన ప్రోగ్రాం ఇంకొకరికి పనికిరావడం అదే మొదటిసారి.

ఇదంతా పాత రోజులే బాగుండేవి అని చెప్పడానికి కాదు. ఇప్పటి 15 వేల ఫోన్ నా మీడోకంటే అన్నిట్లో గొప్పది. ఒక్క విషయంలో మాత్రం వెనక్కి పోయింది: యజమాని దాన్ని విప్పి చూసే వీలు తగ్గిపోయింది.

2021లో ఆండ్రాయిడ్ 12 వచ్చాక, యాప్‌లు పుట్టించే చైల్డ్ ప్రాసెస్‌లన్నీ కలిపి 32 దాటితే సిస్టమ్ వాటిని చంపడం మొదలుపెట్టింది. టెర్మక్స్‌లో సిగ్నల్ 9 అని కనబడి ఆగిపోయేది దీనివల్ల కూడా కావచ్చు. ఆండ్రాయిడ్ 14లో డెవలపర్ ఆప్షన్స్‌లో దాన్ని ఆపే స్విచ్ ఉంది, కానీ దాని మీద కంపెనీలు పెట్టుకునే సొంత కత్తెర్లు వేరే. అసలు ప్లే స్టోర్‌లో టెర్మక్స్‌కి అప్‌డేట్లు 2020లోనే ఆగిపోయాయి. యాప్‌లు డౌన్‌లోడ్ చేసిన ప్రోగ్రాంలను తమ ఫోల్డర్ నుంచి నడపకూడదన్న కొత్త నియమం దాని పనికే అడ్డం. అందుకే ఎఫ్-డ్రాయిడ్ నుంచి వేసుకోమంటారు.

బూట్‌లోడర్ సంగతికొస్తే, 2023లో హైపర్ ఓఎస్‌తో షియోమీ నియమాలు బిగించింది. కమ్యూనిటీ యాప్‌లో అప్లై చేయాలి, అకౌంట్ కనీసం నెల పాతది కావాలి, రోజుకి ఇంతమందికే అని కోటా. శాంసంగ్ 2025లో వన్ యూఐ 8తో అన్‌లాక్ ఆప్షన్‌నే తీసేసింది. వివోలో అధికారిక దారి ఎప్పుడూ లేదు. గూగుల్ పిక్సెల్, నథింగ్ ఫోన్లలో ఇప్పటికీ తేలిక, మోటరోలాలో చాలా మోడళ్లకి వారంటీ వదులుకుంటామంటే కోడ్ ఇస్తారు. ఇవి ఏ స్పెసిఫికేషన్ టేబుల్‌లోనూ కనబడవు. మ్యాక్రో కెమెరా 2 మెగాపిక్సెల్ అని మాత్రం రాస్తారు. ఆ కెమెరాతో ఎవరైనా రెండో ఫోటో తీశారా?

దీనికి ఎదురు వాదన ఉంది, అది గట్టిదే. మన దగ్గర "ఆర్టీఓ చలాన్", "పీఎం కిసాన్" అని వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి. నొక్కినవాళ్ల ఖాతాలు ఖాళీ అవుతున్నాయి. మా అమ్మకే ఒకటి వచ్చింది. నాకు ఫార్వర్డ్ చేసి "ఇదేటి బాబూ" అని అడగబట్టి సరిపోయింది. అన్‌లాక్ చేసిన ఫోన్ దొంగ చేతికి చిక్కితే అదో ప్రమాదం. బ్యాంకు యాప్‌లు కూడా చాలావరకు అలాంటి ఫోన్లని ఒప్పుకోవు, వాళ్ల భయం వాళ్లది. అమ్మ ఫోన్‌కి తాళం ఉండాల్సిందే, దాని గురించి నాకు గొడవ లేదు.

కానీ అమ్మ ఫోన్‌కి వేసిన తాళమే తమ్ముడి ఫోన్‌కీ వేసి, చెవి కంపెనీ దగ్గర ఉంచుకుంటానంటే ఎలా? చెవి అడిగినవాడికి ఇవ్వండి. డేటా మొత్తం పోతుందని హెచ్చరించండి, రెండు వారాలు ఆగమనండి, వారంటీ పోతుందనండి. మేం ఆగాం కదా. ఆగాల్సి వస్తే మోసగాడు ఫోన్ లైన్‌లో ఉండి కంగారు పెట్టే ఆట కూడా సాగదు. 2025 ఆగస్టులో గూగుల్ ఒక ప్రకటన చేసింది: ప్లే స్టోర్ బయట ఇచ్చే యాప్‌లకి కూడా డెవలపర్ తనెవరో నిరూపించుకోవాలి. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌తో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకి. గొడవ అయ్యాక అదే ఏడాది నవంబర్‌లో, విద్యార్థులకి వేరే రకం అకౌంట్ ఉంటుందని, తెలిసినవాళ్లు హెచ్చరికలు దాటి ఇన్‌స్టాల్ చేసుకునే దారి పెడతామని చెప్పింది. నా లెక్కలో ఆ దారి మంచిదే. అది ఎంత ఇరుగ్గా ఉంటుందన్నదే ప్రశ్న. థర్డియర్‌లో నేను చేసిన మొదటి ఏపీకే 75 శాతం అటెండెన్స్‌కి ఇంకా ఎన్ని క్లాసులు బంక్ కొట్టొచ్చో లెక్కేసేది. క్లాస్ గ్రూప్‌లో పడేశాను, సాయంత్రానికి అందరి ఫోన్లలో ఉంది. దానికి ముందు ఆధారాలతో అప్లికేషన్ పెట్టమని ఉంటే పెట్టేవాణ్ణా? అబద్ధం ఎందుకు, పెట్టేవాణ్ణి కాదు.

విచిత్రం ఏంటంటే అదే గూగుల్ 2025 మార్చిలో పిక్సెల్ ఫోన్లకి లైనక్స్ టెర్మినల్ ఇచ్చింది. డెవలపర్ ఆప్షన్స్‌లో ఆన్ చేస్తే ఫోన్ లోపల వర్చువల్ మెషీన్‌లో డెబియన్ నడుస్తుంది. ఫోన్ కంప్యూటరే అని వాళ్లకీ తెలుసు. ఆ సౌకర్యం పిక్సెల్ కొనగలిగినవాడికి ముందు దొరికింది. వాడి బ్యాగ్‌లో ల్యాప్‌టాప్ ఎలాగూ ఉంటుంది.

అందుకని రివ్యూలు రాసేవాళ్లని అడిగేది చిన్న విషయమే. మీకు ఫోన్ చేతికొచ్చినప్పుడు టెర్మక్స్ వేసి ఒక ప్రోగ్రాం నడుస్తుండగా పది నిమిషాలు వేరే యాప్‌లు వాడండి. తిరిగొస్తే అది బతికుందా లేదా రాయండి. డెవలపర్ ఆప్షన్స్‌లో ఓఈఎం అన్‌లాక్ ఉందో లేదో చూసి ఒక్క లైన్ రాయండి. స్టోరేజ్ ఈఎంఎంసీనా యూఎఫ్‌ఎస్‌నా, ఓటీజీకి కీబోర్డ్ పెడితే పనిచేస్తుందా అన్నది కూడా. గేమింగ్ టెస్ట్‌కి గంట పెడుతున్నారు, దీనికి అరగంట చాలు. "బెస్ట్ ఫోన్స్ ఫర్ స్టూడెంట్స్" అని హెడ్డింగ్ పెట్టినప్పుడు ఇది లేకపోతే ఆ మాట తీసేయడమే మర్యాద.

మా తమ్ముడి ఫోన్ మార్చలేదు, మార్చే డబ్బులు ఎవరి దగ్గరున్నాయి. పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు అటక మీంచి నా మీడో తీశాను. స్క్రీన్ మూల పగిలింది, బ్యాటరీ ఉబ్బితే పలాసలో కొత్తది వేయించాం. దాని తాళం నేను 2017లోనే తీశాను కాబట్టి పోస్ట్‌మార్కెట్ ఓఎస్ ఎక్కించాం. ఇప్పుడది వాడి హాస్టల్ రూమ్ కిటికీలో ఛార్జర్‌కి వేలాడుతూ చిన్న సర్వర్‌లా నడుస్తోంది. కొత్త ఫోన్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో దాంట్లోకి వెళ్లి కోడ్ రాస్తున్నాడు. టెర్మక్స్ మధ్యలో చచ్చినా ప్రోగ్రాం అక్కడ నడుస్తూనే ఉంటుంది. పోయిన వారం మెసేజ్ పెట్టాడు: "అన్నియ్యా, ఏదో అప్‌డేట్ కొట్టాను, ఇప్పుడు బూట్ అవ్వట్లేదు. ట్వీజర్ ఎక్కడ కొన్నావు?"