మర్హూమ్ ఫొటో పోస్టర్ మీద వేసే ముందు

పోయిన జుమా నమాజు అయ్యి మస్జిద్ మెట్లు దిగుతుండగా నా ఫోనుకు ఒక పోస్టర్ వచ్చింది. దాని మీద నా భాంజా ఫొటో. నల్ల కళ్ళద్దాలు, బండి మీద ఒక కాలు, వెనక మంటల డిజైను. కింద తారీఖులు, ‘కర్నూలు – హైదరాబాద్ – బీదర్ – గుల్బర్గా – రాయచూరు – కర్నూలు’ అని రూటు. 22 బండ్లు, 31 మంది. టీషర్టుకు మనిషికి 350 రూపాయలు. డ్రోన్ షూటింగ్ ఉంది. హెల్మెట్ అన్న మాట ఎక్కడా లేదు.

వాడి బర్సీ వస్తోంది. వాడి దోస్తులు యాద్‌గార్‌గా బండ్ల మీద సఫర్ పెట్టుకున్నారు. ఇంతవరకూ నాకేం ఎతరాజ్ లేదు. ఉండదు కూడా. ఆ పిల్లలే వాడి ఖబర్ తవ్వారు. జనాజాకు భుజం పట్టారు. వాళ్ళలో ఒకడు చహ్లుమ్ దాకా రోజూ ఇషా తర్వాత ఆ ఇంటికి పోయి ఖైరియత్ అడిగి, పాలో కూరగాయలో కావాలంటే తెచ్చిచ్చి వచ్చాడు. మన ఖాన్‌దాన్ పెద్దలు మూడో రోజుకే ఎవరి దుకాణాలకు వాళ్ళు పోయాం. అందుకే ఆ పిల్లల గమ్‌ను నేను తేలిగ్గా తీసుకోను.

కానీ ఆ రోజు సాయంత్రం వాడి అమ్మీ, అంటే నా ఖాలా కూతురు, ఫోన్ చేసింది. “భాయీజాన్, చిన్నోడు కూడా పోతానంటున్నాడు. ఆపితే అన్న మీద ప్రేమ లేదా అంటాడు. పంపితే నాకు నిద్ర పట్టదు. మీరు సరే అంటే ఇజాజత్ ఇస్తా” అంది. చిన్నోడికి 19 ఏళ్ళు. లైసెన్సు వచ్చి ఆరు నెలలు కాలేదు. ఆ ఇంట్లో మిగిలిన కొడుకు వాడొక్కడే.

ఆ ఇజాజత్ నా నోటి మీద పెట్టింది కాబట్టి ఇది రాస్తున్నా.

ముందు ఆ పిల్లాడు ఎట్ల పోయాడో చెప్పాలి, ఎందుకంటే పోస్టర్ అది చెప్పదు. హైదరాబాద్‌లో ఏసీ మెకానిక్ పని. రాత్రి పని ముగించుకొని, నిద్ర లేకుండా కర్నూలుకు బయల్దేరాడు. కొత్తకోట దాటాక రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దాడు. లారీకి వెనక లైటు లేదు, మెరిసే స్టిక్కర్ లేదు. వీడి హెల్మెట్ బండికి తగిలించి ఉంది. పోలీసులు తిరిగిచ్చిన సామానులో ఆ హెల్మెట్ కూడా ఉంది. దాని మీద ఒక్క గీత లేదు. ఇప్పటికీ ఆ ఇంట్లో బీరువా మీద ఉంటుంది. ఆమె దాన్ని తుడుస్తుంది, ఎవరినీ ముట్టుకోనివ్వదు.

నిద్ర లేకపోవడం, రాత్రి ప్రయాణం, తల మీద లేని హెల్మెట్, లైట్లు లేని లారీ. ఇవి నాలుగూ వాణ్ణి తీసుకుపోయాయి. ఇప్పుడు వాడి యాద్‌లో వేసిన ప్లాను చూడండి. మొదటి రోజు కర్నూలు నుంచి హైదరాబాద్ మీదుగా బీదర్, సుమారు 350 కిలోమీటర్లు. రెండో రోజు బీదర్, గుల్బర్గా చూసుకొని, రాయచూరు మీదుగా రాత్రంతా నడిపి తెల్లారేసరికి ఇల్లు. మొత్తం ఏడు వందల కిలోమీటర్లకు పైమాటే. పోతూ పోతూ ఆ హాదసా జరిగిన చోట అంధేరాలో రోడ్డంచున 22 బండ్లు ఆపి, పూలు పెట్టి, డ్రోన్ ఎగరేస్తారట. ఆగి ఉన్న బండిని గుద్ది పోయినవాడి బర్సీకి 44వ నంబరు హైవే మీద చీకట్లో 22 బండ్లు ఆపుతారు! ఇది యాద్‌గారా బేటా, లేక అదే హాదసాను మళ్ళీ పిలవడమా?

పోస్టర్ వేసిన పిల్లలను ఇంటికి పిలిచి, చాయ్ ఇచ్చి, నాలుగు సవాళ్ళు అడిగాను. అందరికంటే వెనక నడిపేది ఎవరు? ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే వాణ్ణి వెనక్కి పంపే మాట ఎవరిది? రాత్రి పడక ఎక్కడ? ఎవరైనా పడితే మొదటి పది నిమిషాల్లో ఎవరు ఏం చేస్తారు? ఒకడి మొహం ఒకడు చూసుకున్నారు. చివరికి ఒకడన్నాడు, “అల్లా మాలిక్ హై మామూ.”

అల్లా మాలికే. అందులో షక్ లేదు. నేను ఉర్దూ మీడియం బడిలో చదివినప్పుడు మా మౌల్వీ సాబ్ తఖ్దీర్, తద్బీర్ అన్న రెండు మాటలను పక్కపక్కన రాసి తేడా చెప్పించేవారు. తఖ్దీర్ రబ్ది, తద్బీర్ బందాది. ఒంటెను కట్టేసి తవక్కుల్ చేయమన్న హదీసును జుమా బయానుల్లో ఎన్నిసార్లు వినలేదు మనం? ముగ్గురు సఫర్‌కు పోతే ఒకరిని అమీర్‌గా పెట్టుకోమన్న హదీసు కూడా విన్నాం. ముగ్గురికే అమీర్ కావాలంటే 31 మందికి వద్దా? మన గఫ్లత్‌కు అల్లా పేరు పెట్టడం తవక్కుల్ అనిపించుకోదు.

ఇక పెద్దల సంగతి. పోస్టర్ చూడగానే మొహల్లా బుజుర్గులు కొందరు గట్టిగానే మాట్లాడారు. “ఇదంతా ఫుజూల్ ఖర్చు. ఆ పైసలతో ఒక దేగ్ బిర్యానీ వండి గరీబులకు పెడితే ఈసాలె సవాబ్ అవుతుంది. ఈ బండ్ల తమాషా ఏంది?” అన్నారు. దేగ్ వండండి, ఎవరొద్దన్నారు? కానీ దోస్తు పోయిన పిల్లాడికి దేగ్ ముందు కూర్చుంటే గమ్ తీరదు. వాళ్ళకు కలిసి ఏదైనా చేయాలని ఉంటుంది. పోయినవాడు బీదర్‌లో మహమూద్ గవాన్ మదర్సా చూడాలని, గుల్బర్గాలో బందే నవాజ్ దర్గాకు పోవాలని చాన్నాళ్ళు అనుకున్నాడు. 1472లో కట్టిన ఆ మదర్సా గోడల మీద రంగు పలకలు ఇంకా మిగిలి ఉన్నాయని ఫోనులో ఫొటోలు చూపించేవాడు. ఆ అర్మాన్‌ను దోస్తులు తీర్చాలనుకుంటే దాన్ని తమాషా అనడానికి నాకు నోరు రాదు.

పైగా బుజుర్గులను నేనొకటి అడుగుతా. ఈ ఏడాదిలో మీరు ఆ పిల్లలతో హెల్మెట్ గురించి ఒక్కసారైనా మాట్లాడారా? పాల ప్యాకెట్ తెమ్మని పదిహేనేళ్ళ మనవడి చేతికి స్కూటీ తాళాలు ఇచ్చేది మీరే కదా? 2019లో మోటారు వాహనాల చట్టాన్ని మార్చాక, మైనర్ బండి నడిపి నేరం చేస్తే గార్డియన్‌కు 25,000 రూపాయల జుర్మానా, మూడేళ్ళ దాకా ఖైదు ఉంది. ఖైదు సంగతి వదిలేయండి. 2022లో మన ముల్కులో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. అందులో హెల్మెట్ లేకుండా పోయినవాళ్ళు 50,029 మంది. వాళ్ళలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. ‘నేను నడపట్లేదు కదా, నాకెందుకు’ అనుకునే అమ్మీలూ, అప్పాలూ ఈ చివరి లెక్కను రెండోసారి చదవండి.

కాబట్టి నా మాట ఇది. సఫర్ చేయండి. కానీ ఎవరి పేరు మీద చేస్తున్నారో వాడు ఏ గల్తీల వల్ల పోయాడో వాటిలో ఒక్కటీ మీ ప్లానులో ఉండకూడదు. ఉంటే ఆ సఫర్ మీది, వాడి యాద్‌గార్ కాదు.

రెండు రోజుల్లో తిరిగి రావడం కుదరదు. మొదటి రోజు హైదరాబాద్, రెండో రోజు బీదర్, మూడో రోజు గుల్బర్గా, నాలుగో రోజు రాయచూరు, ఐదో రోజు పొద్దున ఇల్లు. ఫజర్ చదివి బయల్దేరడం, అసర్ కల్లా బండి ఆపడం. మగ్రిబ్ తర్వాత ఎవరి చేతిలోనూ తాళం ఉండదు. ఐదు రోజులంటే ఐదు రోజుల కూలీ పోతుందని మీరంటారు. నిజమే, మీలో సగం మంది రోజు కూలీ మీద బతికేవాళ్ళే. అయితే దూరం తగ్గించండి, నిద్ర తగ్గించకండి. ఒక్క బీదర్ పోయి మూడు రోజుల్లో రండి. గుల్బర్గా వచ్చే ఏడాదికి ఉంటుంది, మీరు ఉండాలి.

22 బండ్లు ఒకే గుంపుగా పోతే ముందువాడికి వెనకవాడు కనబడడు, అందుకోవాలని వెనకవాడు స్పీడు పెంచుతాడు. ఐదారు బండ్లకు ఒక జమాత్ చేయండి. ప్రతి జమాత్‌కు ముందొకడు, వెనకొకడు. ముందువాణ్ణి ఎవరూ దాటకూడదు, వెనకవాడి కంటే ఎవరూ వెనకబడకూడదు. కొత్తగా నేర్చినవాడు ముందువాడి వెనకే ఉండాలి, స్పీడు వాణ్ణి చూసే పెట్టాలి. పక్కపక్కన కాకుండా ఒకడు కుడికి, వెనకవాడు ఎడమకు, మధ్యలో బ్రేకు వేసేంత జాగా వదిలి నడపాలి. గంటకో, గంటన్నరకో ఆగాలి. ఎవరి ట్యాంకు అందరికంటే చిన్నదో దాన్నిబట్టి పెట్రోలు ఆపడాలు ఉండాలి. ముసాఫిర్‌కు నమాజులో కూడా ఖస్ర్ సహూలత్ ఉంది, నాలుగు రకాతుల ఫర్జ్ రెండు చేసుకోవచ్చు. మస్జిద్ దగ్గర నింపాదిగా ఆగి చదవండి, హైవే అంచున కాదు.

బయల్దేరే వారం ముందే ప్రతి బండికీ టైర్లు, బ్రేకులు, చైను, లైట్లు చూపించండి. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు లేని బండి ఇంట్లోనే ఉంటుంది. నడిపేవాడికీ వెనకవాడికీ ఐఎస్ఐ మార్కు హెల్మెట్, పట్టీ బిగించి. ప్రతి జేబులో ఒక చీటీ. దాని మీద పేరు, బ్లడ్ గ్రూపు, ఇంటి నంబరు. వెనక ఒక కారు, అందులో పంచర్ సామాను, ఫస్ట్ ఎయిడ్ డబ్బా. 108, 112, హైవే మీద 1033 నంబర్లు అందరికీ జబానీ రావాలి. గాయపడినవాణ్ణి ఆదుకున్నవాళ్ళను పోలీసులు సతాయించకుండా చట్టంలో 134ఎ అనే సెక్షన్ ఉంది. అది కూడా తెలుసుకోండి. నా భాంజా పడి ఉన్నప్పుడు ఎన్ని బండ్లు పక్కనుంచి పోయాయో మాకు తెలీదు. ఆపింది మాత్రం ఒక ట్రాక్టర్ మనిషి. ఆయన పేరు కూడా మేం అడిగి పెట్టుకోలేదు.

ఆ హాదసా జరిగిన చోట ఆగకండి. కొంచెం ముందే ఏదైనా దాబాలో బండ్లు లోపల పెట్టి ఫాతిహా చదవండి. టీషర్టులకు పోగుచేసిన 350 రూపాయలు చొప్పున 31 మందివి 10,850 అవుతాయి. ఆ పైసలకు మెరిసే స్టిక్కర్ టేపు కొనండి. దారిలో దాబాల దగ్గర ఆగిన లారీలకు, ట్రాక్టర్ ట్రాలీలకు డ్రైవర్‌ను అడిగి వెనక అంటించండి. రాత్రిపూట పనినుంచి ఇంటికొచ్చే ఏ అమ్మీ కొడుకో ఆ మెరుపు చూసి బ్రేకు వేస్తే, దానికి మించిన సద్ఖా నాకు తోచడం లేదు. డ్రోన్ వీడియోకు లైకులు వస్తాయి, మర్హూమ్‌కు ఏమొస్తుంది?

నేను అడిగిన నాలుగు సవాళ్ళకు వచ్చే జుమా లోపల జవాబులు కాగితం మీద రాసి తెండి బేటా. సరిగ్గా ఉంటే చిన్నోడికి ఇజాజత్ నేనే అడిగి ఇప్పిస్తా. నా పాత స్ప్లెండర్ తీసుకొని అందరికంటే వెనక నేనే వస్తా. నా స్పీడు మీకు నచ్చదు, అయినా వస్తా.

జవాబులు లేకపోతే మీ బండ్లు మీ ఇష్టం, ఆపడానికి నేనెవరిని? పోస్టర్ మీది వాడి ఫొటో మాత్రం తీసేయండి. అది వాళ్ళ అమ్మీ మీకిచ్చిన అమానత్.